ఖాళీగా ఉండకూడని ఇల్లు

"పక్క గదిల ఎవరుంటరక్కా?" అని అడిగింది వెళ్ళిపోతున్న ఆవిడ. పెళ్ళి బట్టలు కొనుక్కోవడానికి నల్లగొండ నుంచి వచ్చి ఆ ఫ్లాట్లో దిగారు మొగుడూ పెళ్ళాలిద్దరూ. సుల్తాన్ బజార్ సంచులన్నీ గుమ్మం దగ్గర గుట్టగా పడి ఉన్నాయి. ఆటో వచ్చేలోపు ఆవిడకి ఈ సంగతి తేలాలి.

"ఎవరుండరమ్మా. ఓనరమ్మ పాత సామానేసి తాళం పెట్టుకున్నది," అంది మంజుల, తాళంచెవులు అందుకుంటూ.

"మరి నిన్న పొద్దుగూకంగ ఎవరో చదువుతున్నట్టు ఇనబడ్డది. జరసేపు గొణుగుడు, జరసేపు ఆగుడు. మల్ల గొణుగుడు. మా ఆయన టీవీ పెట్టుకోని కూసున్నడు, ఆయనకేం ఇనబడది."

"చిక్కడపల్లి గదమ్మా. సందుకో గుడి, గుడికో మైకు. గదే అయి ఉంటది."

ఆవిడ నమ్మలేదు. హాలు చివర, ఆ గది తలుపు మీద నేలదాకా వేలాడే ఆకుపచ్చ కర్టెన్ వంక చూసింది. సంచులు ఎత్తుకుని మెట్లు దిగేటప్పుడు మళ్ళీ ఒకసారి తిరిగి చూసింది.

మంజుల పనిలోకి దిగింది. ఒకళ్ళు వెళ్ళాక ఇంకొకళ్ళు వచ్చేలోపు ఆ ఇంట్లో మనుషులు మసిలిన ఆనవాలు లేకుండా చెయ్యడమే ఆమె ఉద్యోగం. దుప్పట్లు ఒలవాలి. దిండు గలీబులు తిరగేసి దులపాలి. మంచం కింద చీపురు పెట్టి లాగితే పిన్నులూ, చాక్లెట్ కాగితాలూ, ఒక్కోసారి పసిపిల్లల సాక్సూ బయటికొస్తాయి. బాత్రూం జాలీలో చిక్కుకున్న వెంట్రుకలు వేలితోనే లాగాలి, దానికి ఏ పుల్లా పనికిరాదు. ఆఖరున గదిగదికీ ఫొటో తీసి ఓనరమ్మకి పంపాలి.

ఓనరమ్మ అంటే రత్నమాల. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైంది. గుంటూరు వైపు వాళ్ళు. ఈ మూడంతస్తుల బిల్డింగు కొత్తగా కట్టినప్పుడే పై ఫ్లాటు కొనుక్కున్నారట. అంత ఇల్లు పెట్టుకుని బాగ్ లింగంపల్లిలో కిరాయికి ఎందుకుంటోందో మంజులకి అంతుబట్టేది కాదు. "మెట్లెక్కలేకపోతున్నాను మంజులా" అనేది ఆవిడ. సరే, కాబోసు. ఇల్లు రోజువారీగా దిగేవాళ్ళకి ఇస్తోంది. బుకింగులు ఆవిడ ఫోన్లో చూసుకుంటుంది. తాళాలు ఇవ్వడం, పుచ్చుకోవడం, ఊడవడం, తుడవడం మంజులది.

మనిషి మంచిది. మంచిదేమిటి, దేవత అని మంజుల నలుగురికీ చెప్పుకునేది. కూతురు భవ్య గ్రూప్స్ పరీక్షకి చదువుతోందని తెలిసిన రోజే, "అశోక్ నగర్ హాస్టల్లో ఆ నల్లుల మంచం మీద ఏం చదువుతుందే పిచ్చి పిల్ల? ఎవరూ దిగని రాత్రులు మనింట్లో పడుకోమను. ఇల్లు ఖాళీగా ఉండకూడదు," అంది. ఎవరంటారు ఈ రోజుల్లో అలా? మంజుల వాళ్ళది రాంనగర్లో ఒక్క గది. మొగుడు రమాకాంత్ రాత్రంతా గోడౌన్ కాపలా కాసి పగలంతా పడుకుంటాడు. ఆ గదిలో భవ్య పెదవి కదపకుండా చదవడమే నేర్చుకుంది. పేజీ గట్టిగా తిప్పినా తండ్రి మూలిగి అటు తిరిగేవాడు. అందుకే హాస్టల్. ఈ ఇల్లు దొరికాక ఆ హాస్టల్ మంచమూ వదిలేసింది. ఎవరైనా దిగితే రాత్రికి రాంనగర్, దిగకపోతే ఇక్కడ.

పైగా రత్నమాల పొద్దున్నే ఫోన్ చేసేది. "పిల్ల బాగా నిద్రపోయిందా? కలలేమన్నా వచ్చాయందా? ఒంట్లో నలతగా ఏం లేదుగా?" సొంత మేనత్త కూడా ఇంత అడగదని మంజుల మురిసిపోయేది.

ఆ పూట ఆకుపచ్చ కర్టెన్ అంచున చాయ్ మరక కనిపించింది. ఆ కర్టెన్ జోలికి పోవద్దని రత్నమాల మొదట్లోనే చెప్పింది. కానీ తర్వాత దిగేవాళ్ళు మరకకి ఫొటో తీసి పెడితే తిట్లు తినేదెవరు? మంజుల స్టూలెక్కి రాడ్డు దింపి, రింగులు ఒక్కొక్కటే లాగి, గుడ్డ భుజాన వేసుకుని తలెత్తింది.

తలుపుకి అడ్డంగా ముళ్ళకంప కొట్టి ఉంది.

రేగు కంప. ఆకంతా రాలిపోయి ఎండిన కొమ్మ. ముళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. రెండు కొసలా మేకులు, నడుమ పసుపు బట్టతో ముడి.

అదేమిటో మంజులకి ఒకరు చెప్పక్కర్లేదు. జనగామ దగ్గర వాళ్ళ ఊళ్ళో చిన్నప్పుడే చూసింది. చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఇంటికి కంప కొట్టేసి, ఇంటిల్లిపాదీ నెలల తరబడి వేరే చోటికి పోతారు. పోయినవాడు ఊరికే పోడని, ఆ గడప తొక్కిన వాళ్ళలో ఇంకొకరిని వెంటబెట్టుకుపోతాడని భయం. పిల్లలు ఆ ఇంటి ముందు నుంచి నడవాల్సి వస్తే పరుగెత్తేవాళ్ళు. మంజుల కూడా పరుగెత్తేది.

ఇంటివాళ్ళే ఉండలేక వదిలిపోయిన ఇంట్లో తన కూతురు పడుకుంటోంది.

కలలేమన్నా వచ్చాయందా? ఒంట్లో నలతగా ఏం లేదుగా? ప్రేమ కాదమ్మా అది! విషం కలిపిన అన్నం కాకికి వేసి చూడడం.

స్టూలు మీద ఉండగానే ఫోన్ మోగింది.

"ఫొటోలు రాలేదేం మంజులా?" రత్నమాల గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "ఈ రాత్రికి ఎవరూ లేరు. భవ్యని పడుకోమను. అసలే అమావాస్య, ఇల్లు చీకటిగా ఉండకూడదు. దేవుడి దగ్గర దీపం పెట్టమని చెప్పు."

"అట్లనేనమ్మా," అనేసింది మంజుల అలవాటు కొద్దీ. అన్నాక తన నోటిని తనే కొట్టుకోవాలనిపించింది.

*

వాచ్‌మన్ దుర్గయ్య కింద మోటారు గది పక్కన బీడీ కట్ట విప్పుతున్నాడు. ఆ బిల్డింగు పుట్టినప్పటి నుంచీ ఉన్నవాడు.

"కాకా, పై ఇంట్ల ఎవరు పోయిండ్రు?"

దుర్గయ్య బీడీ వెలిగించలేదు. "నీకు తెల్వదా?"

"తెలిస్తె అడుగుతనా?"

"పెద్దసారు. అమ్మ పెనిమిటి, రామచంద్రరావు సారు. ఆ గదిలనే. కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. ఏందో పంచకమట, మంచి గడియ కాదట. దినాలు అయిపోంగనే సామాన్లు సర్దుకొని పోయిండ్రు. ఆరు నెల్లు గడప తొక్కొద్దని అయ్యగారు చెప్పిండట."

"మరి కిరాయికి దిగెటోళ్ళు తొక్కుతలేరా?"

"నేను గదే అడిగిన. పరాయోళ్ళకు పట్టదు దుర్గయ్యా అన్నది అమ్మ."

"పరాయోళ్ళకు పట్టదు!" మంజుల గొంతు పైకి లేచింది. "నా బిడ్డ పండుకుంటదని నీకెరుకే గద కాకా. ఒక్క మాట చెప్పబుద్ధి గాలేదా?"

దుర్గయ్య ఏదో చెప్పబోయి, మోటారు స్విచ్చి వైపు తిరిగాడు. "సారు మంచోడు బిడ్డా. సదువుకునే పిల్లలంటె పాణమిచ్చెటోడు. నీ పిల్లకేం గాదు. నువ్వు పరేషాన్ గాకు," అన్నాడు అటు తిరిగే.

సాయంత్రం మంజుల అశోక్ నగర్ పోయింది. జిరాక్స్ షాపుల ముందు నోట్సు కట్టలు, టీ బండి చుట్టూ భుజాన బ్యాగుల పిల్లలు, కర్రీ పాయింట్ దగ్గర పావుకిలో అన్నం పొట్లాల కోసం లైను. ఆ గుంపులో భవ్య దొరికింది. ఎంత చిక్కిపోయింది! కళ్ళ కింద బొగ్గు రాసినట్టు నలుపు. ఎప్పటి నుంచి ఉంది ఈ నలుపు? మంజుల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. వెచ్చగా తగిలింది.

"ఏందే, జరమా?"

"ఎండల తిరిగొచ్చిన. గంతే."

"రాత్రి సరిగ పడుతున్నదా నిద్ర? కలలేమన్న..." అనబోయి మంజుల ఆగిపోయింది. ఆ మాట తన నోట్లోకి కూడా వచ్చేసింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు. ఇయ్యాల ఇంటికి రా."

"ఇంటికొస్తె పొద్దుగాల్నే నాన్న వస్తడు. లైటెయ్యద్దు, చప్పుడు చెయ్యద్దు. ఆదివారమే పరీక్ష గదమ్మా. ఈ నాలుగు దినాలు నన్ను కదిలియ్యకు."

చెబితే పిల్ల బెదిరిపోతుంది. నాలుగేళ్ళ చదువు, ఆదివారం కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ కంపే కళ్ళ ముందు ఆడుతుంది. చెప్పకపోతే ఈ రాత్రి అమావాస్య నాడు ఆ గోడ పక్కనే పడుకుంటుంది. ఏ తల్లికి రావాలి ఇలాంటి లెక్క? మంజుల ఎటూ తేల్చుకోలేక, "అయితే నేను గూడ వస్త," అంది.

భవ్య కంట పడకూడదని కంపకి అడ్డంగా ముందే దుప్పటి వేలాడదీసి ఉంచింది. ఆ రాత్రి హాల్లో కూతురి పక్కన కూర్చునే తెల్లవారింది మంజులకి. ఏ చప్పుడూ కాలేదు. పెట్టిన దీపం కొండెక్కలేదు. భవ్య మాత్రం మంచి నిద్రలో ఒకసారి చిన్నగా తలూపింది, ఎవరో అడిగినదానికి ఒప్పుకున్నట్టు.

*

పొద్దున్నే భవ్య లైబ్రరీకని బ్యాగు వేసుకుని పోయింది. మర్నాడు వచ్చేవాళ్ళ కోసం మంజుల వంటింట్లో గిన్నెలు తోముతోంది. ఉతికిన కర్టెన్ ఇంకా ఆరలేదు, రాత్రి అడ్డం కట్టిన దుప్పటి తీసి మంచం మీద పరిచేసింది. కంప వైపు చూడకూడదని వంటింటి తలుపు దగ్గరికి వేసుకుంది.

మిట్టమధ్యాహ్నం. కింద సందులో పాత ఇనుము కొనేవాడు అరుచుకుంటూ పోయాడు. వాడి కేక దూరమయ్యాక ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో వినపడింది.

గొణుగుడు. ఒకే స్వరంతో సన్నగా సాగుతోంది. కాసేపు ఆగింది. కాగితం తిప్పిన చప్పుడు. మళ్ళీ మొదలైంది.

మంజుల చేతిలో గిన్నె సింకులోకి జారింది. చప్పుడుకి గొణుగుడు టక్కున ఆగిపోయింది. లోపల ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టుంది. కుళాయి నుంచి చుక్కలు పడుతున్నాయి. కొంచెంసేపటికి, ఇంకా సన్నగా, మళ్ళీ మొదలు.

చెప్పులు వేసుకున్నదో లేదో కూడా తెలియకుండా మెట్లు దిగిపోయింది. భయం ఎంత ఉందో కోపమూ అంతే ఉంది. ఆ రెండూ కలిసి ఆమెని తిన్నగా బాగ్ లింగంపల్లికి నడిపించాయి.

రత్నమాల చాపమీద కూర్చుని పాత నేత చీరలు చింపి చిన్న చిన్న గుడ్డలు చేస్తోంది. పక్కనే అంచులు కుట్టిన గుడ్డలు దొంతిగా పేర్చి ఉన్నాయి. గోడవారన ఇంకా విప్పని అట్టపెట్టెలు.

"రా మంజులా. మా అమ్మాయి మహిత పురిటికి వస్తోంది వచ్చే నెల. పసివాళ్ళకి పాత చీరలంత మెత్తగా ఇంకేవీ ఉండవు. కూర్చో, కాఫీ ఇస్తాను."

"కాఫీ వద్దమ్మా. కర్టెన్ తీసిన నేను."

రత్నమాల చేతిలో చీర అలాగే ఆగింది.

"కంప చూసిన. దుర్గయ్య కాక అంత చెప్పిండు. ఎందుకు చేసిన్రమ్మా గట్ల?"

ఆవిడ చీర పోగు ఒకటి వేలికి చుట్టుకుంది, విప్పింది. "ధనిష్ఠా పంచకంలో పోయారాయన. పంతులుగారు ఇల్లే వదిలెయ్యమన్నారు. మూసిపెడితే ఇంకా బరువెక్కుతుందని, పరాయివాళ్ళు మసులుతూ ఉంటే దోషం కాస్త కాస్తగా పట్టుకుపోతారని మా తోడికోడలు చెప్పింది. ఎవరికీ ఏమీ కాదు మంజులా. ఒక్క రాత్రి ఉండి పోయేవాళ్ళు."

"ఒక్క రాత్రి ఉండి పోయెటోళ్ళు! నెలల సంది పండుకుంటున్న నా బిడ్డ ఎంత పట్టుకపోవాలె? కలలొచ్చినయా, జరమొచ్చిందా అని రోజు అడిగిన్రు. నేను పిచ్చిదాన్ని, మీరు ప్రేమతోని అడుగుతున్నరనుకున్న."

రత్నమాల కళ్ళెత్తలేదు. "ప్రేమ లేదని ఎందుకనుకుంటావు," అంది లోగొంతుకతో.

"లోపల ఎవరో చదువుతున్నరమ్మా."

"ఏమిటీ?"

"ఆ గదిల. మొన్న దిగినామె చెప్పింది. ఇయ్యాల పట్టపగలు నేను ఇన్న. పేజీ తిప్పుడు గూడ ఇన్న."

ఆవిడ ఒళ్ళోని గుడ్డలు కింద పడ్డాయి. "ఆయన పైకే చదివేవారు," అంది. "పేపరైనా, పుస్తకమైనా. ఎన్నిసార్లు విసుక్కున్నానో..." గోడ పట్టుకుని లేచింది. "పద. నన్ను తీసుకెళ్ళు."

*

వాళ్ళు చేరేసరికి పొద్దు వాలుతోంది. సందులో కూరగాయల బండి దగ్గర బేరాలు, గుడిలో మైకు పరీక్షించే గొంతు, కింద దుర్గయ్య స్టూలు ఖాళీ. మెట్లెక్కలేనన్న మనిషి మూడంతస్తులూ ఆగకుండా ఎక్కింది. గుమ్మం బయట చెప్పులు విడిచి, గడప ముందు నిలబడిపోయింది. ఆరు నెలలు నిండలేదు. మంజుల చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, కుడికాలు లోపల పెట్టింది.

హాల్లో లైటు వెయ్యలేదు. గొణుగుడు వినిపిస్తూనే ఉంది.

ఇద్దరూ కంప ముందు నిలబడ్డారు. మాటలు తెలియడం లేదు, ఆ సాగదీత మాత్రం తెలుస్తోంది. ఒక వాక్యం, దాన్నే మళ్ళీ, మళ్ళీ ఇంకోసారి. రత్నమాల మోకాళ్ళ మీదికి జారి, తలుపు మీద చెయ్యి వేసింది. ముల్లు గుచ్చుకున్నా తియ్యలేదు.

"ఏవండీ," అంది.

లోపల గొంతు ఆగిపోయింది.

"ఏవండీ, నా మీద కోపం వచ్చిందా? మీ గదికి కంప కొట్టించాను. ఏం చెయ్యనండీ, మహిత పురిటికి వస్తోంది. దాని మీద పడకూడదని... దాని కడుపులో బిడ్డ మీద పడకూడదని... పరాయిపిల్లని తెచ్చి పడుకోబెట్టానండీ. మంజుల కూతుర్ని. తీసుకెళ్ళేదేదో ఆ పిల్లతో పోతే, మన పిల్ల బతికిపోతుందనుకున్నాను. క్షమించండి. మహిత జోలికి మాత్రం రాకండి."

మంజుల చెవులారా విన్నది. పక్కనే నిలబడి ఉన్న తనని ఆవిడ మరిచేపోయింది. మరిచిపోయి చెప్పింది కాబట్టే అది నిజం. ఆ క్షణాన ఆవిడ మెడ పట్టుకుని లేపాలనిపించింది మంజులకి. చెయ్యి చాచింది కూడా.

అప్పుడు లోపల కుర్చీ కాళ్ళు నేలకి గీసుకున్నాయి.

రెండు అడుగుల చప్పుడు. ఇంకో రెండు. దూరంగా పోతున్నాయి. ఎక్కడో గడియ తీసిన శబ్దం. తర్వాత, ఇంటి ఆ మూల నుంచి, వంటింటి వెనక తలుపు మీద ఎవరో మెల్లగా కొట్టారు.

"తియ్యకు! మంజులా, నీకు దణ్ణం పెడతాను, తియ్యకు!" రత్నమాల ఆమె చీర చెంగు పట్టుకుంది.

మంజుల చెంగు విడిపించుకుంది. వంటింట్లోకి నడిచి గడియ లాగింది.

వెనక బాల్కనీలో భవ్య నిలబడి ఉంది. చేతిలో పుస్తకం, పేజీలో వేలు.

"నేనేనమ్మా," అంది.

మంజుల కూతురి రెండు చెంపలూ తడిమింది. మనిషేనని నమ్మకం కుదరక చిటికెన వేలు దాకా తడిమింది. తర్వాత భుజం మీద ఒక్కటిచ్చింది. "ఏందే ఇది! ఏందిది! లైబ్రరీకి పోతున్ననంటివి!"

ఆ గదికి వెనక నుంచి, ఆ బాల్కనీలోకే తెరుచుకునే ఇంకో తలుపుంది. తాళం చూసి మంజుల ఎప్పుడూ దాని జోలికి పోలేదు. పాతకాలం బిల్డింగు కదా, కసువు ఊడ్చేవాళ్ళ కోసం బాల్కనీ మీదుగా ఇనుప మెట్లున్నాయి. ముందు తలుపుకి కంప కొట్టించిన వాళ్ళకి ఆ తలుపు గుర్తే రాలేదు. దాని తాళంచెవి దుర్గయ్య దగ్గర ఉంది.

"దుర్గయ్య తాత మొదటి వారమే చెప్పిండు, సారు పోయిన సంగతి," అంది భవ్య. "భయమైతలేదా అని అడిగిండు. చచ్చిపోయినోళ్ళు లొల్లి చెయ్యరు గద తాతా అన్న. ఒకరోజు తాళం చెవి ఇచ్చి, సారు టేబులు ఊకెనే దుమ్ము పడుతున్నది, పోయి సదువుకో అన్నడు. లైబ్రరీల సీటు కోసం తెల్లారక ముందే లైన్ల నిలబడాలె. ఈడ ఎవ్వరుండరు. ఇండ్ల ఎవరన్న దిగినా ఆ గదిలకు రారు. పైకి చదువుకున్న. అప్పటిదాక నా గొంతు నాకే తెల్వదమ్మా."

ముక్కూ మొహం తెలియని ఆడది గుర్తుపట్టి ఎవరో చదువుతున్నారంది. కన్నతల్లి మిట్టమధ్యాహ్నం ఆ గొంతు విని దయ్యమనుకుని పారిపోయింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల పైకి చదవగా ఒక్కసారీ వినలేదు తను. సిగ్గుతో చచ్చినంత పనయింది.

రత్నమాల వంటింటి గుమ్మంలోకి వచ్చింది. అరచేతిలో నెత్తురు బొట్టు. ముందు తిడుతుందేమో అనుకున్నారు ఇద్దరూ. తిట్టలేదు. భవ్యని పై నుంచి కింది దాకా చూసింది. ఆ చూపులో నెమ్మదిగా ఒక ఆశ వెలిగింది.

"ఆ గదిలోనే కూర్చున్నావా? ఆయన కుర్చీలోనా?"

"ఔ ఆంటీ."

"ఇన్నాళ్ళూ? ఏమీ కాలేదా నీకు?" అంది ఆవిడ. "అయితే... అయితే పోయినట్టేనా? కలలేమన్నా వచ్చాయా భవ్యా? నిజం చెప్పమ్మా."

మంజుల ఒళ్ళు మండిపోయింది. ఇంత జరిగాక కూడా అదే ప్రశ్న! నోరు తెరవబోయింది. భవ్య తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది.

"వస్తడు ఆంటీ," అంది నిదానంగా. "సారు కలలకు వస్తడు. ఎవరి మనుమరాలివి అని అడిగిండు. మంజుల బిడ్డను అన్న. మరి మా ఇంట్ల ఎందుకు పండుకుంటున్నవు, నిన్నెవరు పండుకోబెట్టిండ్రు అని అడిగిండు. నాకు అప్పుడు తెల్వదు గద, చెప్పలేకపోయిన. ఇయ్యాల తెలిసింది."

కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. రత్నమాల గుమ్మం పట్టె పట్టుకుంది. ఆవిడ చూపు భవ్య మీద నుంచి మెల్లగా జరిగి, భవ్య వెనక బాల్కనీలో తెరిచి ఉన్న ఆ రెండో తలుపు మీద ఆగిపోయింది. లోపల టేబుల్ లైటు వెలుగుతూనే ఉంది.

మంజుల నడుముకి దోపుకున్న తాళంచెవుల గుత్తి తీసింది. ఎప్పుడూ దాన్ని ఆవిడ చేతికి ఇవ్వాలంటే రెండు చేతులా ఇచ్చేది. ఇప్పుడు వంటింటి గట్టు మీద పెట్టింది.

"రేపు పొద్దుగాల్నే కొత్తోళ్ళు దిగుతరు. దుప్పట్లు మార్చి పెట్టిన. నీళ్ళ క్యాన్ వచ్చింది," అంది. "ఈ రాత్రికి మాత్రం ఎవ్వరు లేరమ్మా. ఇల్లు ఖాళీగ ఉండొద్దు గద. మీరు పండుకోండ్రి."

భవ్య లోపలికి పోయి పుస్తకాలు బ్యాగులో సర్దుకుంది. టేబుల్ లైటు ఆర్పింది. కుర్చీని ఎక్కడిదక్కడ జరిపి పెట్టి వచ్చింది. తల్లీ కూతుళ్ళు ముందు గుమ్మం నుంచే మెట్లు దిగారు.

రెండో అంతస్తు దాటారో లేదో, వెనక నుంచి పరుగు లాంటి అడుగులు. రత్నమాల గోడ పట్టుకుని దిగి వచ్చేసింది. వాళ్ళని దాటుకునే పోయింది. కింద దుర్గయ్య స్టూలు మీద కూలబడి, పాదాల వంక చూసుకుంది. చెప్పులు పైన గుమ్మం ముందే ఉండిపోయాయి.

"దుర్గయ్యా, కాస్త చెప్పులు తెచ్చిపెట్టు," అంది.

దుర్గయ్య ఆవిడ వంకా, మంజుల వంకా చూశాడు. సంగతి బయటపడిందని అతనికి అర్థమైంది. "మోటారు ఆన్ చేసేది ఉన్నదమ్మా," అని లోపలికి పోయాడు.

ఆవిడ మంజుల వైపు చూసింది. ఎన్ని నెలలుగానో చెప్పకముందే పని చేసిన మనిషి. మంజుల కదల్లేదు. రత్నమాల లేచి, వట్టి కాళ్ళతోనే, కూరగాయల బండి తడిలోంచి నడుచుకుంటూ పోయి ఆటో ఎక్కింది.

తల్లీ కూతుళ్ళు క్రాస్ రోడ్స్ వైపు నడిచారు. సినిమా విడిచిన జనం ఎదురయ్యారు.

"నౌకరి పాయె నీది," అంది భవ్య.

"పోనీ తియ్. అశోక్ నగర్ల హాస్టళ్ళు తక్కువున్నయా, ఊడ్చెటోళ్ళు లేక ఏడుస్తున్నయి." మంజుల బ్యాగు లాక్కుని తన భుజానికి వేసుకుంది. "ఆదివారం దాక ఇంట్లనే చదువు. పైకి చదువు. మీ నాయినకు నేను చెప్త, కావాలంటె గోడౌన్లనే పండుకుంటడు."

భవ్య నవ్వింది. సిగ్నల్ దగ్గర ఆగారు. మంజుల ఉండబట్టలేక అడిగింది. "నిజంగ వస్తడానే కలలకు?"

"వస్తడు."

మంజుల కూతురి వైపు తిరిగింది. "నిజంగనా!"

"ఏం చెయ్యడమ్మా. ఎదురుంగ కుర్చీ ఏస్కొని కూసుంటడు. నేను చదివింది ఇంటడు. బాగున్నదా సారూ అంటె తలకాయ ఊపుతడు. గంతే."

"మరి నిన్నెవరు పండుకోబెట్టిండ్రు అని అడిగిండంటివి?"

సిగ్నల్ పడింది. బస్సులు కదిలాయి.

"ఆయన అడగలేదమ్మా," అంది భవ్య, తల్లి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతూ. "ఆంటీని నేనడిగిన."